అడ్డకమ్మీ లేని వేసవి

ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక నేను మొదట చూసింది నా చేతిని కాదు, దుప్పటి అంచుని. అక్కడ నీలం దారంతో కుట్టిన గుర్తు ఉంది. మా లాండ్రీ గుర్తు. ఆ నగరంలో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు అన్నీ మా దగ్గరికే ఉతకడానికి వచ్చేవి. ఇది నేను ఇస్త్రీ చేసిందేనా అని ఆలోచించాను. మడత ఒక పక్కకి ఒరిగి ఉంది. నాతో పనిచేసే పొడుగమ్మాయి మడత అలాగే ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు అనుకున్నాను. ఆ తర్వాతే చెయ్యి గుర్తొచ్చింది.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారని నర్సు చెప్పింది. మిగిలిన వాటిల్లో స్పర్శ వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. సరే అన్నాను. నేనింకేమైనా అడుగుతానేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు. నాకేం తోచలేదు. పక్క మంచం మీద ఒకావిడ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఆవిడకి ఏమైందో కనుక్కోమని అమ్మతో అన్నానట. అమ్మ ఆ మాట ఇప్పటికీ చెబుతుంటుంది.

ఆ వేసవికి నాకు ఇరవై నిండలేదు. ఇంట్లో అమ్మ, నేను, చెల్లి, మామయ్య. నాన్న పోయినప్పటి నుంచి మామయ్య మాతోనే ఉంటున్నాడు. అమ్మకి సొంత తమ్ముడు. లాండ్రీలో మెకానిక్ ఆయన. అక్కడి యంత్రాలన్నీ ఆయన చేతిమీదుగా తిరిగేవే. పెళ్ళెందుకు చేసుకోలేదు మామయ్యా అని అడిగితే, బాయిలర్ అలిగితే బతిమాలుకోవడంతోనే సరిపోయింది, ఇంకొకరి అలకలు కూడా ఎక్కడ పడతాను అనేవాడు. నన్ను ఆ పనిలో పెట్టించిందీ ఆయనే. ఆసుపత్రికి రోజూ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నా చేతివైపు మాత్రం చూసేవాడు కాదు.

లాండ్రీలో ఇస్త్రీ అంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె లాంటిది కాదు. మనిషి నడుమంత లావు రోలర్లు, లోపల ఆవిరితో కాగుతూ నిదానంగా తిరుగుతుంటాయి. ముందు నిలబడ్డ ఇద్దరు తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని వాటికి అందిస్తారు. అవి లాక్కుంటాయి. వెనకవైపు ఇద్దరు వేడివేడిగా బయటికొచ్చిన దుప్పటిని మడతపెడతారు. రోలర్లకి ముందు అడ్డంగా ఒక ఇనుపకమ్మీ ఉండేది. చెయ్యి దానికి తగిలిందా, మెషిన్ టక్కున ఆగిపోతుంది. మేమంతా దాన్ని అడ్డకమ్మీ అనేవాళ్ళం. ఎండలు ముదరగానే హోటళ్ళు నిండిపోయి, మాకు దుప్పట్లు గుట్టలు పడ్డాయి. మోచెయ్యి తగిలినా, తడిగుడ్డ తగిలినా మెషిన్ ఆగిపోతోందని ఆ కమ్మీని తీసేశారు. తర్వాత కొన్నాళ్ళకి ఒక దుప్పటి కొస ముడుచుకుపోతుంటే సరిచేద్దామని చెయ్యి ముందుకి పెట్టాను. జరిగింది అంతే.

నేను ఇంటికొచ్చిన వారంలోనే మేనేజర్‌గారు మా ఇంటికి వచ్చారు. రొట్టె, ఆపిల్ పళ్ళు తెచ్చారు. మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, ఇలాంటిది ఎవరికీ జరగకూడదని నాలుగైదుసార్లు అన్నారు. లేచేముందు అసలు మాట చెప్పారు. నా చోటు బయటివాళ్ళకి ఇవ్వరట. చిన్నమ్మాయిని పంపితే వచ్చే నెల మొదటి సోమవారం నుంచే పనిలోకి తీసుకుంటారట. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగొచ్చి, లోకంలో మంచివాళ్ళు పూర్తిగా పోలేదు అంది.

చెల్లి స్కూలు అయిపోయి ఖాళీగా ఉంది. అది నోరు తెరిస్తే మూతపడేది కాదు. మేనేజర్‌గారు అలా వెళ్ళారో లేదో నా ఏప్రన్ కట్టుకుని అద్దం ముందు నిలబడింది. పొడవైంది, కింద మడిచి కుట్టాలి అంది. సూది దారం తెచ్చి నాకిచ్చి, వెంటనే నా చెయ్యి చూసి నాలుక కరుచుకుంది. పర్వాలేదు, అమ్మ కుడుతుందిలే అన్నాను. నిజంగానే నాకు పర్వాలేదు. దానిమీద కోపం రాలేదు, జాలీ రాలేదు. ఎవరో పక్కింట్లో మాట్లాడుకుంటుంటే గోడ ఇవతల కూర్చుని వింటున్నట్టు ఉండేది నాకు ఆ రోజుల్లో.

మా చర్చికి అప్పుడు ఇద్దరు ఫాదర్లు ఉండేవారు. పెద్ద ఫాదర్‌గారు పెళ్ళిళ్ళు, పూజలు, లెక్కలు చూసుకునేవారు. చిన్న ఫాదర్ పనికి పోయే కుర్రాళ్ళ కోసం, అమ్మాయిల కోసం ఆదివారం సాయంత్రాలు చర్చి వెనక హాల్లో మీటింగు పెట్టేవారు. మేం ఆయన్ని ఊఁ ఫాదర్ అనేవాళ్ళం. ఎవరేం చెప్పినా ఊఁ కొడుతూ వినడం ఆయన అలవాటు. ఊఁ అని, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూసేవారు. ఏమీ లేకపోయినా ఇంకేదో వెతికి చెప్పాల్సి వచ్చేది. ప్రసంగాలు చేసేవారు కాదు. ప్రసంగం పొద్దున చర్చిలో అయిపోయింది, ఇప్పుడు మీ వంతు అనేవారు. ఈ వారం పనిలో ఏం చూశారు? దానిగురించి ఏమనుకుంటున్నారు? ఏం చేద్దాం? ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. బేకరీలో పనిచేసే పిండిబాబు అయితే, ఫాదర్‌కి సెమినరీలో ఈ మూడు ముక్కలే నేర్పారు పాపం అని ఎగతాళి చేసేవాడు. ఫాదర్ అందరికంటే ముందు నవ్వేవారు.

ఆయన మా ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. మామయ్య అప్పుడే పనినుంచి వచ్చి బల్ల దగ్గర భోజనం చేస్తున్నాడు. అమ్మ ప్రార్థన చెయ్యమంది. ఆయన రెండు మాటల్లో ముగించారు. అమ్మకి అది చాలినట్టు లేదు. తర్వాత నా ఎదురుగా కూర్చుని అడిగారు.

"అసలేం జరిగిందో చెబుతావా? ఎవరి తప్పు అన్నది వద్దు. ఎలా జరిగింది అన్నది చెప్పు, చాలు."

ఎవరూ నన్ను అప్పటిదాకా అది అడగలేదు. చెప్పాను. దుప్పటి ఎంత తడిగా ఉందో, నా పక్కన ఎవరున్నారో, కొస ఎటువైపు ముడుచుకుందో. కూరల ధరలు చెప్పినట్టు చెప్పాను.

"ఊఁ. మరి కమ్మీ?"

"లేదు. తీసేశారు."

"ఎవరు?"

తీసేశారు అన్న మాటలో ఒక సౌకర్యం ఉంది. ఎవరో నలుగురు తీసేశారనీ అనుకోవచ్చు, మనం గౌరవించే ఒక్కరు తీశారనీ అనుకోవచ్చు. మామయ్య తినడం ఆపి పళ్ళెంలోకి చూస్తున్నాడు. మేనేజర్ చెబితే పానా పట్టుకొచ్చి ఆ కమ్మీ బోల్టులు విప్పింది మామయ్యే. నేను అప్పుడు పక్కనే ఉన్నాను. మామయ్యా, ఇక చేతులు జాగ్రత్తగా పెట్టుకోవాలన్నమాట అని నవ్వాను కూడా.

"తెలీదు ఫాదర్" అన్నాను.

మామయ్య లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చేతులు కడుక్కోవడానికి అంతసేపు పట్టదు. ఫాదర్ కుళాయివైపు ఒకసారి చూశారు. ఆయనకి అర్థమైందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. తర్వాత అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, చిన్నమ్మాయి ఏ మెషిన్ మీద చేరుతోంది అని అడిగారు. అదే మెషిన్ ఫాదర్‌గారూ, అక్క చోటే ఇచ్చారు అని అమ్మ గర్వంగా చెప్పింది. ఆయన ఊఁ అనలేదు.

ఆ ఆదివారం చెల్లి నన్ను బలవంతాన మీటింగుకి లాక్కెళ్ళింది. హాల్లో ఎప్పటికంటే ఎక్కువమంది ఉన్నారు. లాండ్రీ అమ్మాయిలు దాదాపు అంతా వచ్చారు. నాకోసం పెద్దవాళ్ళ కుర్చీ ఒకటి వేసి ఉంచారు. మిగతావాళ్ళు చిన్నపిల్లల జ్ఞానోపదేశం బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

పొడుగమ్మాయే మొదలుపెట్టింది. కమ్మీ తీసేసినరోజు అందరం చూశాం, ఎవ్వరం నోరెత్తలేదు, ఎందుకంటే దుప్పట్లు ఎక్కువ వేస్తే మనకే ఎక్కువ వస్తుందనుకున్నాం అంది. కొందరు నావైపు చూశారు, కొందరు చూడకుండా జాగ్రత్తపడ్డారు. కమ్మీ మళ్ళీ పెట్టించాలి అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎవరు అడగాలన్నదే పేచీ. లాండ్రీ యజమాని చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆ ఏడు చర్చి పైకప్పు బాగుచేయిస్తున్నదీ ఆయనే. కాబట్టి ఫాదర్ వెళ్ళి ఒక్కమాట చెబితే ఐదు నిమిషాల్లో పని అయిపోతుందని చాలామంది అన్నారు.

"నేనడిగితే నా మొహం చూసి పెట్టిస్తారు. నేనటు తిరగ్గానే మళ్ళీ తీయిస్తారు. మీరు అడిగి పెట్టించుకుంటే, మీరున్నంతకాలం ఉంటుంది" అన్నారు ఫాదర్.

బట్టలు జాడించే తొట్ల దగ్గర పనిచేసే ఒకామె లేచింది. మా అందరికంటే కొంచెం పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి.

"మీకేం ఫాదర్, ఎన్నైనా చెబుతారు. మీ ఉద్యోగం ఎవరూ పీకరు. వేళకి వండిపెట్టే మనిషి ఉంది. ఆకలని ఏడ్చే పిల్లలు లేరు."

ఫాదర్ మొహం ఎర్రబడింది. నిజమే అన్నారు. నేను ఆ సంగతి మర్చిపోతుంటాను, నువ్వు గుర్తు చేస్తుండు అన్నారు. ఆమె గుర్తు చెయ్యడానికి ఆగలేదు, చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఆయన ఒక్కొక్కళ్ళనీ అడిగారు, కమ్మీ కావాలని అడిగితే నీకేం నష్టం రావచ్చు అని. లాభం సంగతి అడగలేదు. పొడుగమ్మాయి, అమ్మ తంతుంది అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వంతు వచ్చింది. నాకేం లేదు ఫాదర్ అన్నాను. ఆయన ఎదురుచూశారు. నా దగ్గర నిజంగానే ఏమీ లేదు. చివరికి ఆయనే చూపు తిప్పుకున్నారు.

పొడుగమ్మాయి, ఇంకో అమ్మాయి కలిసి మేనేజర్‌గారి దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆయన మర్యాదగానే విన్నారట. కమ్మీ ఉంటే దుప్పట్లు తగ్గుతాయి, తగ్గితే మీకే నష్టం, అయినా అది పాత ఇనుములోకి వెళ్ళిపోయింది, ఇప్పుడెక్కడ తెచ్చేది అన్నారట. రెండోసారి వెళితే లోపలికి రానివ్వలేదు. అప్పుడు వాళ్ళు తమలో తాము ఒక మాట అనుకున్నారు. ఫాదర్‌కి చెప్పారు గానీ ఆయన్ని సలహా అడగలేదు. చెల్లికి కూడా చెప్పారు. అది ఆ మాట ఇంట్లో అనకుండా నాలుగురోజులు కడుపులో దాచుకుంది. అది ఎంత కష్టపడి ఉంటుందో మాకే తెలుసు.

సోమవారం పొద్దున, నువ్వే తీసుకెళ్ళి అప్పగించు, పని కాస్త చూపించు అంది అమ్మ. చెల్లి జడ గట్టిగా చుట్టి పైకి బిగించుకుంది. దారి పొడుగునా బూట్లు కరుస్తున్నాయని, ఎండ మండిపోతోందని, రోలర్ల దగ్గర ఇంతకంటే వేడా అని వాగుతూనే ఉంది. నేను జవాబులు చెబుతూ నడిచాను. లాండ్రీ ఎదురుగా టీ దుకాణంలో ఊఁ ఫాదర్ కూర్చుని ఉన్నారు. లోపలికి రానని ముందే చెప్పారట. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు.

లోపల ఆవిరి, సబ్బు వాసన, తడిబట్టల బరువైన వాసన. నేను పడిపోయినచోట నేల ఎప్పుడో కడిగేశారు. రోలర్లు కాగి తిరుగుతున్నాయి. చెల్లిని నా చోట నిలబెట్టాను. ఎడమకాలు కొంచెం ముందుకు పెట్టు, కొసల్ని బొటనవేలితో నొక్కిపట్టు అని చెప్పాను. చెప్పి పక్కకి జరిగాను. గంట మోగింది. ఎవరూ దుప్పటి అందుకోలేదు. రోలర్ల ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు, పక్క మెషిన్ల వాళ్ళు కూడా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. తొట్ల దగ్గరి ఇద్దరు పిల్లల తల్లి నీళ్ళు కట్టేసి, తడి చేతులు నడుముకి తుడుచుకుని, తనూ వెనక్కి పెట్టుకుంది. అందరూ పెట్టాక చెల్లి నావైపు ఒకసారి చూసి, చేతులు వెనక్కి పెట్టింది.

మేనేజర్‌గారు వచ్చి ముందు నెమ్మదిగా మాట్లాడారు, తర్వాత అరిచారు. ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి బెదిరించారు. ఎవరూ మాట్లాడలేదు. ఏం కావాలో ఆయనకి ముందే చెప్పారు కాబట్టి మళ్ళీ చెప్పాల్సిన పని లేదని అనుకున్నారు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. దుప్పట్ల గుట్టలోంచి నీళ్ళు కారి నేలమీద పాకుతున్నాయి. ఆ నీళ్ళు ఎటు పోతాయో చూస్తున్నాను.

చివరికి మేనేజర్‌గారు మామయ్యని కేకేశారు. వచ్చి మెషిన్ మీద నువ్వు నిలబడు, వీళ్ళు లేకపోతే పని ఆగుతుందా అన్నారు. మామయ్య బాయిలర్ గదిలోంచి రావడానికి కొంచెం ఆలస్యమైంది. వచ్చేటప్పుడు ఆయన భుజం మీద గోనెపట్టాలో చుట్టిన పొడవాటి వస్తువు ఉంది, చేతిలో పానా ఉంది. మెషిన్ స్విచ్చి ఆపాడు. పట్టా విప్పాడు. అడ్డకమ్మీ తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది. ఎవరినీ చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఒక బోల్టు బిగించి, రెండోవైపుకి జరిగాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు మేనేజర్‌గారు.

"తీసింది నేనే సార్. పెడుతోందీ నేనే."

బిగించడం అయ్యాక మెషిన్ ఆన్ చేసి, తన చెయ్యి కమ్మీకి తగిలించాడు. ఆగింది. మళ్ళీ ఆన్ చేసి ఇంకోచోట తగిలించాడు. ఆగింది. మూడోసారి ఆన్ చేసి పక్కకి తప్పుకున్నాడు. పొడుగమ్మాయి వెళ్ళి దుప్పటి ఒక కొస పట్టుకుంది. చెల్లి రెండో కొస పట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను. టీ దుకాణంలో ఫాదర్ ముందు టీ పైన మీగడ కట్టి చల్లారిపోయి ఉంది. కమ్మీ పెట్టారు అని చెప్పాను. ఎవరు అని ఆయన ఈసారి అడగలేదు.

మామయ్యని ఆ మధ్యాహ్నమే పంపించేశారు. అమ్మాయిల్ని ఎవర్నీ తీయలేదు. హోటళ్ళు నిండి ఉన్నాయి, తీస్తే దుప్పట్లు ఎవరు చేస్తారు? ఇంట్లో మాత్రం ఇంకోలా జరిగింది. సాయంత్రానికి సంగతంతా చెల్లి నోటినుంచి అమ్మకి తెలిసిపోయింది.

"నువ్వేనా తీసింది?" అని అడిగింది అమ్మ.

"తీయమన్నారు, తీశానక్కా."

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ రోజునుంచి మామయ్యతో మాట్లాడటం మానేసింది. వేళకి పళ్ళెం బల్లమీద పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోయేది. ఆయన తిన్నాక వచ్చి తీసేది. చెల్లి వాళ్ళిద్దరి మధ్యా నిలబడి అటుమాట ఇటు, ఇటుమాట అటు చెప్పేది, ఎవరూ చెప్పమనని మాటలు కూడా కల్పించి చెప్పేది. లాభం లేకపోయింది. నేను అమ్మకి సర్దిచెప్పగలిగేదాన్నేమో. వేళ్ళు పోయింది నాకే కదా, నాకు లేని కోపం నీకెందుకు అని అనొచ్చు. కానీ నాకు కోపం లేకపోవడం క్షమించడం కాదు. అది నాకు తెలుసు, బహుశా మామయ్యకీ తెలుసు.

మామయ్యకి ఓడరేవులో పని దొరికింది. పానాల పెట్టె ఒకటి, బట్టల సంచి ఒకటి తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, చెయ్యి ఒకసారి చూపిస్తావా అన్నాడు. చూపించాను. ముందుకూ వెనక్కూ తిప్పి, విరిగిన పళ్ళచక్రాన్ని చూసినట్టు చూశాడు.

"నొప్పి ఉందా?"

"లేదు మామయ్యా. ఏమీ తెలీడం లేదు."

అది ఓదార్పు అనుకుని చెప్పాను. ఆయన మొహం చూశాక కాదని తెలిసింది. అమ్మ వంటగదిలోంచి బయటికి రాలేదు. ఆయన వీధి మలుపు తిరిగాక వచ్చి, దారికి ఏమైనా కట్టిస్తే బాగుండేది అంది.

ఎండలు తగ్గుముఖం పట్టాయి. చర్చి పైకప్పు పని సగంలో ఆగిపోయింది. చర్చి పెద్దలు బిషప్పుగారి దగ్గరికి వెళ్ళొచ్చారని చెప్పుకున్నారు. ఒక ఆదివారం మీటింగులో ఊఁ ఫాదర్, నన్ను మార్చారు అన్నారు. ఎక్కడో కొండల్లో, ముసలి సిస్టర్లు ఉండే ఆశ్రమానికి. వాళ్ళకి రోజూ పూజ చేసిపెట్టాలి. అక్కడ పనికి పోయే కుర్రాళ్ళు ఎవరూ ఉండరు. పిండిబాబు, మనమంతా బిషప్పుగారి దగ్గరికి పోదాం అన్నాడు. ఫాదర్ వద్దన్నారు.

"మమ్మల్ని నిలబడమన్నారు. మీరు మాత్రం పొమ్మంటే పోతున్నారా?" అంది పొడుగమ్మాయి.

"అవును. మాట వింటానని మాటిచ్చి ఈ బట్టలు వేసుకున్నాను." తర్వాత, "ఇప్పుడు వినడం మంచిదో కాదో నాకు తెలీడం లేదు" అన్నారు.

ఆ రోజు మీటింగు అలాగే ముగిసింది. ఎవరూ పాట పాడలేదు. కొంతమంది ఆయనతో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళే ముందురోజు చెల్లి పనినుంచి వచ్చి బూట్లు విసిరేసి మంచం మీద వాలింది. రోజంతా ఎన్నిసార్లు మెషిన్ ఆగిందో, సూపర్‌వైజరమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో చెబుతోంది. నేను ఎడమచేత్తో బట్టలు మడతపెడుతూ వింటున్నాను. అప్పటికి ఎడమచేత్తో బాగానే వచ్చింది.

"వెధవ కమ్మీ, ఊరికే మోచేతికి తగిలి ఆగిపోతుందక్కా" అంది. "మాకు దుప్పట్లు సగం కూడా అవ్వట్లేదు. ఒక బోల్టు వదులు చేస్తే అంతలా ఆగదట. మేమంతా అదే అనుకుంటున్నాం."

దాన్ని కొట్టాను. నేను ముందు ఏమీ అనుకోలేదు. కుడిచేతివాటం మనిషిని, కుడిచెయ్యే లేచింది. చెంప మీద పడ్డాక చేతిలోంచి భుజందాకా ఒక మంట పాకింది. లేని వేళ్ళు రెండూ కాలిపోతున్నట్టు అనిపించింది. నేను నేలమీద కూర్చుండిపోయాను. గొంతులోంచి ఏదో శబ్దం వస్తోంది, అది నాదేనని కాసేపటికి తెలిసింది. అమ్మ పరుగెత్తుకొచ్చింది. చెల్లి చెంప పట్టుకుని, ఏడుపు మర్చిపోయి నన్ను చూస్తోంది.

మర్నాడు పొద్దున బస్టాండుకి వెళ్ళాను. ఫాదర్‌ని సాగనంపడానికి పెద్దగా ఎవరూ రాలేదు. పిండిబాబు వచ్చి, ఒక రొట్టె చేతిలో పెట్టి, బేకరీకి ఆలస్యమవుతుందని వెళ్ళిపోయాడు. బస్సు వచ్చి నిలబడింది. ఫాదర్ సంచి భుజానికి తగిలించుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఎలా ఉన్నావు అన్నారు. వేసవంతా ఆయన అడిగినప్పుడల్లా, ఏం లేదు ఫాదర్, బాగానే ఉన్నాను అంటూ వచ్చాను.

"నిన్న చెల్లిని కొట్టాను" అన్నాను.

ఆయన కాలు కిందికి దించారు. ఎక్కుతారా ఎక్కరా అని కండక్టర్ అడిగాడు. తర్వాత బస్సుకి వస్తానన్నారు ఫాదర్. ఆ తర్వాత బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఇద్దరం అక్కడి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. చెల్లి సంగతితో మొదలుపెట్టాను. దాంతో ఆగలేదు. మామయ్య బోల్టులు విప్పుతుంటే నేను నవ్విన సంగతి, మేనేజర్ తెచ్చిన ఆపిల్ పళ్ళు తిన్న సంగతి, అది కూడా రెండు తిన్న సంగతి, దేవుణ్ణి ఒక్కసారి కూడా ఏమీ అడగాలనిపించకపోవడం, అమ్మ కళ్ళలోకి చూడలేకపోవడం అన్నీ చెప్పాను. ఎండ మా మీదికి వస్తే నీడలోకి జరిగి చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. మధ్యలో రొట్టె తుంచి నాకు సగం ఇచ్చారు.

బస్సు వచ్చే వేళకి అడిగాను, చెల్లికి ఏం చెప్పమంటారు అని.

"చెప్పకు. అడుగు" అన్నారు. "రోజంతా ఆ మెషిన్ ముందు నిలబడేది తను కదా."

ఆయన వెళ్ళిపోయారు. తర్వాత ఆయన్ని నేను చూడలేదు. చాలా ఏళ్ళకి, ఆ కొండల్లోనే పోయారని విన్నాను.

ఆ ఆదివారం హాలు తాళంచెవి పెద్ద ఫాదర్‌గారిని అడిగి తెచ్చుకున్నాను. ఎవరు మాట్లాడతారు అని ఆయన అడిగారు. చూద్దాం ఫాదర్ అన్నాను. బెంచీలు దులిపి వేశాను. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత పొడుగమ్మాయి, పిండిబాబు, లాండ్రీ అమ్మాయిలు ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి పిల్లల్ని కూడా వెంటపెట్టుకుని వచ్చింది. చెల్లి అందరికంటే ఆఖరున వచ్చి, నాకు దూరంగా, గోడ పక్కన కూర్చుంది. అప్పటికి మేం మాట్లాడుకుని నాలుగురోజులైంది.

ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. అందరూ నా చేతివైపు చూస్తున్నారు. దాన్ని ఒళ్ళో దాచుకోలేదు.

"కమ్మీవల్ల పని ఎక్కడ ఆగుతోందో చెప్పవే" అన్నాను చెల్లితో. "ఇంట్లో చెప్పావు కదా, అదంతా చెప్పు. నేను కొట్టను."

చెల్లి నావైపు అనుమానంగా చూసింది. తర్వాత లేచి నిలబడి, మోచెయ్యి ఎక్కడ తగులుతుందో గాలిలో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.